రెండో ఆటకు ఊరు దొరికింది: ప్రాజెక్టు డైరీ

జనవరి 6

సంక్రాంతికి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళేలోపు ఒక్క విషయం తేల్చుకోవాలని కూర్చున్నాం. మేం తయారుచేసే రెండో వీడియో ఆట ఎక్కడ జరగాలి, ఏ కాలంలో జరగాలి? మేం నలుగురమే. కోడ్ నాది. బొమ్మలు, రంగులు మా ఆర్టిస్టువి. శబ్దం, సంగీతం మా తమ్ముడు చూస్తాడు. కథ, మాటలు అక్క రాస్తుంది. ఆమె నాకు సొంత అక్క కాదు, అయినా ఆఫీసులో అందరికీ అక్కే.

మొదటి ఆట ఆడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. అది ధోలావీరాలో జరుగుతుంది. గుజరాత్‌లో, కచ్ రణ్ మధ్య ఖదీర్ బేట్ అనే దీవి మీద ఉన్న హరప్పా నాగరికత నాటి నగరం అది. వానాకాలంలో తప్ప నీళ్ళుండని మన్సర్, మన్హర్ వాగులకు అడ్డుకట్టలు వేసి, రాతిని తొలిచి కట్టిన పెద్ద పెద్ద చెరువుల్లోకి ఆ నీళ్ళు మళ్ళించి, అలాంటి చోట ఒక నగరాన్ని నిలబెట్టుకున్నారు వాళ్ళు. ఆటలో మన పని ఆ నీళ్ళను కాపాడటం. 2021లో మన రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో సమావేశంలోనే ధోలావీరాను కూడా చేర్చారు. ఆ వార్త చదివిన వారంలోనే మేం ఆ ఆట మొదలుపెట్టాం.

ఆ ఆటలో ఎవరూ మాట్లాడరు. కావాలనే అలా పెట్టాం. హరప్పా లిపిని ఇంతవరకు అందరూ ఒప్పుకునేలా ఎవరూ చదవలేదు. వాళ్ళ భాష ఏదో తెలియకుండా వాళ్ళ నోట్లో మన మాటలు పెట్టడానికి మాకు మనసొప్పలేదు. కోట ఉత్తర ద్వారం దగ్గర దొరికిన పది గుర్తుల బోర్డును ఆటలో ఉన్నదున్నట్టు పెట్టాం. దాని కింద నిలబడి పైకి చూస్తే సంగీతం ఆగిపోతుంది, అంతే.

ఆడినవాళ్ళు రాసిన ఉత్తరాలన్నీ ఇవాళ మళ్ళీ చదివాం. చాలామంది ఒకే మాట రాశారు: ఆ నీళ్ళు మోసే ఆమె ఏమనుకుంటోందో తెలిస్తే బాగుండేది. అందుకే వైట్‌బోర్డు మీద అక్క ఒకే ఒక్క షరతు రాసింది. "ఈసారి మనుషులు మాట్లాడాలి. వాళ్ళ సొంత మాటలే మాట్లాడాలి."

జనవరి 9

మొదట అందరికీ తట్టింది మెలుహ్హా. మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) జనం సింధు ప్రాంతాన్ని పిలిచిన పేరు అదే అని చాలామంది పండితుల అభిప్రాయం. మెలుహ్హా ఓడలు తన రేవులో లంగరు వేశాయని అక్కాద్ రాజు సార్గాన్ చెప్పుకున్నాడు. అక్కడి ఉర్ నగరం రాజ సమాధుల్లో సింధు వైపు నుంచి వచ్చిన ఎర్రటి కార్నీలియన్ రాతి పూసలు దొరికాయి. అన్నిటికంటే మమ్మల్ని కట్టిపడేసింది ఒక చిన్న ముద్ర. ఇప్పుడు అది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఒక మనిషి పేరు, అతని పని రాసి ఉన్నాయి: షూ-ఇలిషు, మెలుహ్హా భాషకు దుబాసీ.

మా మొదటి ఆటలోని మూగ జనం భాష తెలిసిన మనిషి! సీక్వెల్‌కు ఇంతకన్నా మంచి హీరో ఎక్కడ దొరుకుతాడు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారాక అక్క అడిగింది. "అతని గురించి మనకు తెలిసింది పేరు, ఉద్యోగం. మరి అతని మాట ఏదీ?" వెతికాం. లేదు. ఉర్‌లో మామూలు మనుషుల ఉత్తరాలు దొరికిన మాట నిజమే, కానీ మేం చూసిన మంచి ఉత్తరాలన్నీ అతని తర్వాత కొన్ని వందల ఏళ్ళవి. మెలుహ్హా ఓడలు వచ్చిన కాలాన్నీ ఆ ఉత్తరాల కాలాన్నీ ఒకచోట కలిపేస్తే ఆట బాగుంటుందేమో గానీ, అది అబద్ధమవుతుంది. పక్కన పెట్టాం. నాకు బాధగానే ఉంది.

జనవరి 18

ఆర్టిస్టుది గుంటూరు వైపు. పండక్కి వెళ్ళి అమరావతి మ్యూజియం చూసి, స్కెచ్ బుక్ నింపుకుని వచ్చింది. "మన ఊరు వదిలి ఎక్కడికో ఎందుకు?" అంది. న్యాయమైన ప్రశ్న. అమరావతి స్తూపానికి చెక్కిన రాళ్ళు ఇచ్చినవాళ్ళ పేర్లు ఆ రాళ్ళ మీదే ఉన్నాయి. వాళ్ళలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, ఇల్లాళ్ళున్నారు. రెండు వేల ఏళ్ళ కిందట మన కృష్ణ ఒడ్డున తోలు పని చేసే మనిషి తన పేరు, తన వాళ్ళ సంగతి రాతి మీద చెక్కించుకున్నాడంటే నాకు ఒళ్ళు పులకరించింది.

కానీ ఆ శాసనాల్లో ఉన్నది ఎవరు, ఎవరితో కలిసి, ఏమిచ్చారు అన్నదే. వాళ్ళ తగాదాలు, బాకీలు, బెంగలు లేవు. అక్క షరతు దగ్గర అదీ ఆగిపోయింది. ఆర్టిస్టు ముఖం చిన్నబుచ్చుకుంది. మూడో ఆటకు అమరావతే అని బోర్డు మూల రాసి, చుట్టూ గీత గీశాను. అది చెరపొద్దని అందరికీ చెప్పాను.

ఫిబ్రవరి 3

రెండు వారాలు ఈజిప్టు మీద పెట్టాం. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చిన్నప్పుడు మమ్మీని చూసిన రోజు నుంచీ తమ్ముడికి ఈజిప్టు అంటే పిచ్చి. అయితే మేం ఎంచుకున్నది ఫరోలను కాదు, దైర్ ఎల్-మదీనాను. రాజుల లోయలో సమాధులు తొలిచి, గోడల మీద బొమ్మలు వేసిన పనివాళ్ళ ఊరు అది. రాతి పెంకుల మీద వాళ్ళు రాసుకున్నవి వేల సంఖ్యలో దొరికాయి. ఎవరు ఏ రోజు పనికి రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరు ఎవరికి గాడిద అద్దె బాకీ అన్నవన్నీ ఉన్నాయి. మూడో రామ్సెస్ పాలన 29వ ఏట జీతంగా రావలసిన ధాన్యం అందక వాళ్ళు పని ఆపి గుడి వెనక కూర్చున్నారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన తొలి సమ్మె అదేనంటారు.

చిన్న ప్రోటోటైప్ కట్టాను. కొండ లోపల చీకటి. రోజుకు ఇన్ని అని దీపం వత్తులు లెక్కపెట్టి ఇస్తారు (ఆ లెక్కలు కూడా పెంకుల మీద దొరికాయి). వత్తి అయిపోయేలోగా గోడ మీద బొమ్మ పూర్తి చెయ్యాలి. చీకట్లో ఉలి చప్పుడు తమ్ముడు ఎంత బాగా చేశాడంటే, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడారు.

తొమ్మిది మందితో ఆడించాం. ఏడుగురు బొమ్మ వదిలేసి నిధి ఎక్కడుందని వెతికారు. సమాధి కనపడితే చాలు, బంగారం ఉండాలి, శాపం ఉండాలి. తప్పు వాళ్ళది కాదు. ఇన్నేళ్ళుగా ఆటలు, సినిమాలు ఈజిప్టు అంటే అదే అని చూపించాయి. ఆ అలవాటుతో పోట్లాడుతూ ఆటంతా నడపాల్సి వస్తుంది. ఉన్నది నలుగురం, చేతిలో ఉన్నది పద్నాలుగు నెలలు. అంత బలం లేదు.

ఫిబ్రవరి 7

అక్క పొద్దున్నే ఒక ప్రింటవుట్ తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది. "ముందు ఇది చదువు, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

ఒక భార్య భర్తకు రాసిన ఉత్తరం. నువ్వు వెళ్తూ వెళ్తూ నాకు ఒక్క షెకెల్ (అప్పటి చిన్న తూకం) వెండి కూడా వదల్లేదు, ఇల్లంతా ఊడ్చి తీసుకెళ్ళావు, నువ్వు వెళ్ళాక ఊళ్ళో ఘోరమైన కరువు వచ్చింది, తినడానికి బార్లీ కూడా ఉంచలేదు. దాదాపు ఇదే ఆ ఉత్తరం సారం. రాసినామె తరాం-కూబి, భర్త ఇన్నాయా. రాసి సుమారు 3,900 ఏళ్ళు.

ఆమె ఉన్నది ఇప్పటి ఇరాక్‌లో, టైగ్రిస్ ఒడ్డున ఉన్న అష్షూర్ నగరంలో. ఉత్తరం దొరికింది ఇప్పటి తుర్కియేలో కైసరి దగ్గర ఉన్న కుల్‌టెపె దిబ్బలో. అప్పటి పేరు కానెష్. అష్షూర్ వర్తకులు గాడిదల మీద తగరం, ఉన్ని బట్టలు వేసుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు, ఆరు వారాలు నడిచి అక్కడికి చేరేవాళ్ళు. అక్కడ వాళ్ళకు ఒక పేట ఉండేది. 1925లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఆ పేట ఎక్కడుందో కనిపెట్టాడు. 1948 నుంచి తుర్కియే పురావస్తువేత్త తహసిన్ ఓజ్‌గుచ్ దశాబ్దాలపాటు తవ్వించాడు. మొత్తం 23,000 దాకా మట్టి పలకలు దొరికాయి. వాటిలో రాజుల గొప్పలు దాదాపు లేవు. ఉన్నవన్నీ ఇళ్ళలో దాచుకున్న ఉత్తరాలు, పత్రాలు, లెక్కలు.

మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఒకటి తర్వాత ఒకటి చదువుతూ పోయాం. లమస్సి అనే ఆమె భర్త పూషూ-కేన్‌కు రాసింది: నువ్వు వెళ్ళాక ఫలానా ఆయన అప్పుడే రెండింతల ఇల్లు కట్టాడు, మనం ఎప్పుడు కట్టుకుంటాం? ఇంకో ఉత్తరంలో, బట్టలు పంపలేదని కోపం తెచ్చుకోకు, పిల్ల పెద్దదయింది, ఇంటి అవసరాలకు కొన్ని నేయాల్సి వచ్చింది అని.

అక్క వాళ్ళ నాన్న జగిత్యాల నుంచి మస్కట్ వెళ్ళి పదకొండేళ్ళు పనిచేశారు. వాళ్ళమ్మ క్యాసెట్లో మాటలు రికార్డు చేసి, అటు వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేదట. ఇల్లు ఎప్పుడు కడదామన్న మాట లేని క్యాసెట్ ఒక్కటీ లేదని అక్క చెప్పింది. ఆ మాట చెప్పి చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఓటింగ్ అవసరం రాలేదు.

ఫిబ్రవరి 15

ఊరు దొరికింది, ఇప్పుడు ఆట దొరకాలి. ఆటలో నువ్వు వర్తకుడివి కాదు, అష్షూర్‌లో ఉండిపోయిన అతని భార్యవి. నేత నేయిస్తావు, సరుకు కడతావు, ఉత్తరం రాస్తావు, ఎదురుచూస్తావు. ఆటలో కాలం ఋతువుల ప్రకారం నడుస్తుంది. చలికాలంలో కొండదారులు మంచుతో మూసుకుపోయేవి, బిడారులు ఆగిపోయేవి. కాబట్టి ఆ నెలల్లో ఉత్తరం రాదు. నువ్వు పంపిందీ చేరదు.

లెక్కలు మేం కల్పించాల్సిన పని లేకుండా పోయింది. అష్షూర్‌లో ఒక షెకెల్ వెండికి సుమారు 14 షెకెల్‌ల తగరం వచ్చేది. కానెష్‌లో అదే వెండికి ఏడే. అంటే పెట్టుబడి రెట్టింపు. బట్టల మీద లాభం ఇంకా ఎక్కువ. ఒక గాడిద 65 కిలోల దాకా తగరం, దాంతోపాటు కొన్ని బట్టలు మోసేది. కానెష్ రాజభవనం బట్టల మీద 5 శాతం పన్ను తీసుకునేది. పన్ను తప్పించుకోవడానికి సరుకును సన్నదారుల్లో తిప్పి తీసుకెళ్ళేవాళ్ళు. దొరికితే సరుకు పోతుంది, మనిషి జైలుకు పోతాడు. పూషూ-కేన్‌నే అలాంటి వ్యవహారంలో రాజభవనం పట్టి బంధించిందని ఒక ఉత్తరం చెబుతోంది. ఈ అంకెలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి నడిపిస్తే ఆట మొదటి సారే సరిగ్గా తూగింది. ధోలావీరా ఆటకు ఇదే పని మూడు నెలలు పట్టింది.

ఆడవాళ్ళు నేసిన బట్టల డబ్బు వాళ్ళకే రావాలి. రానప్పుడు వాళ్ళు గట్టిగా అడిగారు. నాకు ఈ ఆటకు ప్రాణం అక్కడే కనిపించింది.

ఫిబ్రవరి 24

ఉత్తరం విప్పడం ఆటలో ఎన్నో సార్లు వస్తుంది కాబట్టి అది చేతికి ఎలా ఉంటుందో తెలియాలి. కుమ్మరి దగ్గర నాలుగు కిలోల బంకమట్టి తెచ్చాం. అప్పటి ఉత్తరం అరచేతిలో పట్టే మట్టి పలక. దాని చుట్టూ పలచటి మట్టి కవరు. కవరు మీద ఎవరికో రాసి, పంపినవాళ్ళు గొట్టం ఆకారంలో ఉండే ముద్రను దాని మీద దొర్లించేవాళ్ళు. అందుకున్నవాళ్ళు కవరు పగలగొట్టి చదువుకునేవాళ్ళు.

మొదటి రోజు పచ్చి పలకకు పచ్చి కవరు చుట్టాం. రెండూ అతుక్కుని ఒకే ముద్దయ్యాయి, రాత మొత్తం పోయింది. రెండో సారి పలకను బాగా ఎండబెట్టి చుట్టాం. కవరు ఎండుతూ ముడుచుకుని, లోపలి పలక ముడుచుకోక, రాత్రికి రాత్రే నెర్రెలు విచ్చింది. మూడో సారి కవరు మట్టిలో సన్న ఇసుక కలిపి, వీలైనంత పలచగా తట్టి, తడిగుడ్డ కప్పి మూడు రోజులు నీడలో ఉంచాం. పన్నెండింటిలో తొమ్మిది నిలిచాయి.

రాయడం కూడా నేర్చుకున్నాం. వెదురు పుల్ల కొన నలుపలకలుగా కోసి, గీయకుండా నొక్కాలి. గీస్తే మట్టి లేచి అంచులు చెదురుతాయి. ఆటలో నేను ముందు పెన్నుతో రాసినట్టు వేలితో గీసే పద్ధతి పెట్టాను. ఇవాళ అది మొత్తం తీసేశాను. ఇప్పుడు వేలు పెట్టి, ఏటవాలుగా నొక్కి, వదలాలి.

మార్చి 2

మాది చీరాల. అత్తయ్య ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చుంది. నేత భాగం ఆమెకు చూపించకుండా పూర్తి చెయ్యొద్దనుకున్నాను.

ఒక ఉత్తరంలో పుజుర్-అష్షూర్ అనే వర్తకుడు వక్కుర్తుమ్ అనే ఆమెకు బట్ట ఎలా ఉండాలో చెబుతాడు. నేత చిక్కగా ఉండాలి. ముందు పంపిన దానికంటే ఒక్కో బట్టకు ఒక మినా, అంటే దాదాపు అరకిలో ఉన్ని ఎక్కువ వెయ్యాలి. అయినా పలచగానే ఉండాలి. తొమ్మిది మూరల పొడవు, ఎనిమిది మూరల వెడల్పు. వాళ్ళ కొలతకూ మనకూ పేరు మార్చే పని కూడా లేదు, మూర అంటే మూరే.

అత్తయ్య అక్కడే ఆపింది. "ఎనిమిది మూరల పన్నా ఒక్కతే ఎట్లా నేస్తుందిరా? ఈ చివర నుంచి ఆ చివరకు పేక ఎవరందిస్తారు?" నా ఆటలో ఒక్క మనిషి కూర్చుని నేస్తోంది. మన చీర పన్నా లెక్కలోనే ఆలోచించాను. నాలుగు మీటర్ల వెడల్పు అంటే ఇద్దరైనా ఉండాలి, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి దారం పోవాలి.

ఇంకో మాట కూడా చెప్పింది. ఉన్ని ఎక్కువ, బట్ట పలచన అంటే దారం సన్నగా వడకాలి, ఎక్కువ పోగులు పట్టాలి. అంటే నేతకన్నా వడకడానికే ఎక్కువ రోజులు పడతాయి. ఆ వర్తకుడు రెండు వాక్యాల్లో అడిగిన పని వెనక ఎన్ని చేతుల కష్టం ఉందో ఆమె ఒక్క నిమిషంలో విప్పి చెప్పింది.

ఇంటికొచ్చి నేత భాగం తిరగరాశాను. ఇప్పుడు అది ఇద్దరి పని. స్క్రీన్‌కు రెండు వైపులా రెండు వేళ్ళు పెట్టాలి, లేదా పక్కన ఇంకొకరు కూర్చోవాలి. తల్లీ కూతుళ్ళతో ఆడించాం. మధ్యలో వాళ్ళు ఆట సంగతి మరిచి కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేత సాగుతూనే ఉంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

మార్చి 8

రెండు ఇబ్బందులు. చిన్నది ముందు. మొదటి ఆటలో అక్షరమే లేదు కాబట్టి మాకు ఎప్పుడూ తెలియలేదు: మా సెట్టింగులతో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. లమస్సి "లమస్‌సి" అయింది. అష్షూర్ చూడలేకపోయాం. అక్షరాల అమరిక చూసే భాగం బిల్డ్‌లోంచి ఎప్పుడో సైజు తగ్గించడానికి నేనే తీసేశాను. తిరిగి పెట్టాక సరిపోయింది.

పెద్దది మర్యాద. లమస్సి భర్తను "మీరు" అనాలా, "నువ్వు" అనాలా? వాళ్ళ భాషలో ఆ తేడా లేదు. మాకు తప్పదు. అక్క మొదట "మీరు" అని రాసింది. చదివితే లమస్సి గొంతు సగానికి పడిపోయింది. నా వెండి ఏదీ అని నిలదీసే మనిషి అడుక్కుంటున్నట్టు వినిపించింది. "నువ్వు" అని మార్చాక మనిషి లేచి నిలబడింది. మరి ప్రాధేయపడే చోట? దానికి వాళ్ళకే ఒక పద్ధతి ఉంది: నువ్వే నా తండ్రివి, నువ్వే నా దొరవి అని రాసేవాళ్ళు. అందుకే మా ఆటలో గౌరవం క్రియాపదంలో ఉండదు, ఆ మాటల్లోనే ఉంటుంది. వాటిని ఎప్పుడు వాడాలో ఆడేవాళ్ళే తేల్చుకోవాలి.

"ఉభయకుశలోపరి" కూడా తీసేశాం. ఈ ఉత్తరాలు క్షేమసమాచారాలతో మొదలు కావు. "పూషూ-కేన్‌తో చెప్పు, లమస్సి ఇలా అంటోంది" అని నేరుగా విషయంలోకి వెళ్తాయి. ఎవరో పైకి చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఆ వాక్యాన్ని ఒకరి గొంతులో రికార్డు చెయ్యాలని తమ్ముడు పట్టుబట్టాడు. అక్క వాళ్ళమ్మ ఒప్పుకున్నారు.

మార్చి 16

ముగింపు గురించి వాదన. కానెష్‌లోని ఆ పేట క్రీ.పూ. 1835 ప్రాంతంలో కాలిపోయింది. ఇళ్ళలోని పలకలు శిథిలాల కింద ఉండిపోయాయి, అలా మనదాకా వచ్చాయి. మంటలు చూపిద్దామని ఆర్టిస్టు, వద్దని అక్క. నేను అక్క పక్షం. మన మనిషి అష్షూర్‌లో ఉంది, మంటలు ఆమె చూడదు. ఆమెకు తెలిసేదల్లా వసంతం వచ్చినా దారిలో గాడిదలు కనపడకపోవడమే. తవ్వకాల్లో కవరు విప్పని పలకలు కూడా దొరికాయి. ఆడేవాళ్ళు చివరగా రాసే ఉత్తరం అలాంటిదవుతుంది. అందులో ఏం రాయాలో మేం చెప్పం, ఖాళీ పలక ఇస్తాం.

సాయంత్రం తమ్ముడు ఫ్యాన్లు ఆపించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మిగిలిన తొమ్మిది కవర్లలో ఎనిమిదింటిని మైకు ముందు పగలగొట్టాడు. బొటనవేలితో అంచు నొక్కితే వచ్చే చప్పుడు ఒకటి, నేలకు తట్టితే వచ్చేది ఒకటి. ఏడోది అందరికీ నచ్చింది. తొమ్మిదో దాన్ని విప్పకుండా మానిటర్ పక్కన పెట్టుకున్నాం. లోపల ఏం రాసిందో అక్క ఎవరికీ చెప్పలేదు.

సోమవారం నుంచి కొండదారి, గాడిదల నడక.